అవ్వ రాయించని పేరు

జూన్ నెల. బడిబాట రోజులు. వరండాలో టేబులేసుకొని, అడ్మిషన్ రిజిస్టర్ ముందట పెట్టుకొని కూసున్న. ఒక తల్లి ఆరేండ్ల పిల్లను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు... అన్నీ అడిగి రాసిన. తర్వాతి గడి మతం. దాని పక్క గడి కులం.

"మతం ఏం రాయాలమ్మా?"

ఆమె కొంగు సవరించుకొని అటూ ఇటూ చూసింది. "ఏం రాస్తే ఏం పోతది సారూ?" అన్నది.

నా పెన్ను అక్కడనే ఆగింది. ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. కాని మా ఇంట్లో ఒక ముసలామె ఈ ప్రశ్నను నలభై ఏండ్లకు పైగా మోసింది. ఆమె మా అవ్వ. నాయిన తల్లి. నాయిన 'అవ్వా' అని పిలిస్తే మేమూ అట్లనే పిలిచినం.

అవ్వ పేరు ఇక్కడ రాయను. ఊరి పేరు కూడా రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తది. మేడ్చలుకూ శామీర్‌పేటకూ నడుమ ఒక ఊరు. ఆ ఊరి చివర మాదిగవాడ. అంతే.

అవ్వకు రెండు పేర్లుండేవి. రేషన్ కార్డులో ఊరి దేవత పేరు. గుడి దప్తరంలో బైబిల్లోని ఒక రాణి పేరు. పటేల్ మొదటి పేరును సగానికి విరిచి, ముందు 'ఏమే' అని తగిలించి పిలిచేటోడు. గుడిలో అయ్యగారు రెండో పేరుకు 'అమ్మ' అని చేర్చి పిలిచేటోడు. "తెల్లబట్టలు కట్టిన మనిషి నన్ను అమ్మా అని పిలిచింది ఆ గుళ్ళెనే కొడుకా. ఆ దినం ఇంటికొచ్చినంక గూడ ఆ పిలుపు చెవులనే ఉన్నది" అని చెప్పేది. మతం అంటే ఏమిటని ఎవరన్నా నన్నడిగితే ఏ గ్రంథమూ గుర్తుకు రాదు. ముందు ఈ మాటే యాదికొస్తది.

అవ్వ నిజాం జమానాలో పుట్టింది. తేదీ ఎవరూ రాసి పెట్టలేదు. 1948ల పోలీస్ యాక్షన్ నాటికి మేకలు కాసే ఈడు అనేది. వాళ్ళ తాత ఎట్టి మాదిగ. బావులకు మోట తోలు కుట్టుడు, చెప్పులు కుట్టుడు, సచ్చిన గొడ్డును ఈడ్చుడు, సర్కారోళ్ళు ఊళ్ళెకొస్తే మూటలు మోసుడు. ఏ పనికీ పైస లేదు. కరువొస్తే ఆ తాత పెండ్లాం పిల్లల్ని తీసుకొని మెదక్ దిక్కు పోయిండట. అక్కడ పాస్నెట్ దొర పెద్ద గుడి కట్టిస్తుండు, పని చేసినోళ్ళకు తిండి దొరుకుతదని విని పోయిండు. ఆ గుడి కట్టుడు పదేండ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న తెరిచిండ్రు. గోపురం ఎత్తు 175 అడుగులు. మా ముత్తాతల చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు గాని, ఆ గోపురంల మా ఇంటి చెమట ఉన్నదని అవ్వ నమ్మకం. "మూటలు మోసుడు మా తాతకు కొత్త గాదు. మోసినందుకు బువ్వ దొరుకుడు కొత్త" అనేది.

ఆ బువ్వ కోసం మతం మారినోళ్ళని మమ్ముల ఎక్కిరించేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. మీరు ఏనాడన్న ఆకలితోని పోయిండ్రా ఎక్కడికన్న? ఆకలితోని పోయినోడిని ఏ గుడి లోపలికి రానిచ్చింది, ఏ గుడి వాకిట్ల నుంచే ఎళ్ళగొట్టింది? లెక్క చెప్పుండ్రి. అవ్వకు ఈ వాదాలు రావు. ఎవరన్న అట్లంటే "అవును, బువ్వ కోసమే పోయినం. బువ్వ పెట్టనోడు దేవుడెట్లయితడు?" అని నవ్వేది.

చిన్నతనంల అవ్వ క్రిస్మసుకు వాడోళ్ళతోని మెదక్ నడిచి పోయేదట. తూప్రాన్ మీదుగ రెండు దినాల నడక. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు ముంత, చలికి ఒక గొంగడి. గుళ్ళె మూడు దిక్కుల పెద్ద పెద్ద రంగుల అద్దాలుంటయి. వాటి మీద క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. పొద్దున్నంత సేపే అవి లోపలోళ్ళకు కనవడ్తయి. పొద్దుగూకినంక ఏమీ కనవడవు. అవ్వ మొదటిసారి రాత్రిపూట చేరి, ఏమీ కనవడక ఏడ్చిందట. తెల్లారినంక చూసి మళ్ళ ఏడ్చిందట.

పెండ్లయి మా ఊరికొచ్చేసరికి ఈ దిక్కంత ద్రాక్ష తోటలు మొదలైనయి. ఇప్పుడు ఈ రోడ్ల మీద పోయేటోళ్ళకు నమ్మబుద్ధి గాదు గాని, మేడ్చలు, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్షకు పేరు. అనాబ్-ఎ-షాహి, తర్వాత గింజల్లేని థామ్సన్. పందిళ్ళ కింద వంగి వంగి నడిచే పని. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఎండకాలంల ఒకటి, దసరా కాలంల ఒకటి. ఆకు తీసుడు, గుత్తిల ఒత్తు కాయలను కత్తెరతోని పలచన చేసుడు, కోసుడు, పెట్టెలకు ఎక్కిచ్చుడు ఆడోళ్ళ పని. తెగుళ్ళకు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేటోళ్ళు. ఆ మందు అంటి అంటి అవ్వ గోర్లు ఎప్పుడూ నీలంగ ఉండేవి.

తోటల కాయ నోట్ల ఏసుకుంటే కూలి కట్. దూప అయితే కుండ ముట్టుకోవద్దు. తోటమాలి పైనించి పోస్తే దోసిలి పట్టాలె. పెట్టెలకు పోయే కాయను మా చేతులు ముట్టుకోవచ్చు. పట్నపోళ్ళు కడుక్కొని తింటరు. కుండను మాత్రం ముట్టుకోవద్దు. ఇదేం లెక్కనో!

శనివారం రాత్రి అవ్వ చింతపండుతోని, ఇటుక పొడితోని గోర్లు రుద్దేది. తెల్లారితే నెలల మొదటి ఆదివారం. ఆ దినం గుడిలో సంస్కారం. అయ్యగారు ఎండు ద్రాక్ష ఉడికిచ్చి తీసిన రసాన్ని గిన్నెల పోసి, మోకాళ్ళ మీదున్నోళ్ళకు ఒక్కొక్కరికి అందిచ్చేది. ఒకటే గిన్నె. అందరు దానికే మూతి పెట్టి తాగుడు. పైనించి పోసుడు లేదు, దోసిలి లేదు.

గుడిల గూడ అంత సమానం అని నేను అబద్ధం చెప్ప. మాలోళ్ళ దిక్కు, మాదిగోళ్ళ దిక్కు వేరే ఉండె. పిల్లల నడుమ పెండ్లి మాటలొస్తే దేవుడు గూడ ఆగిపోయేటోడు. అవ్వకు అది తెలుసు. అయినా "వారమంత దోసిలి పట్టిన చేతికి ఆ ఒక్క దినం గిన్నె దొరుకుతది గదరా" అనేది. ఆమె విశ్వాసమంత ఆ గిన్నె అంచు మీద ఉన్నది.

ఇగ మా నాయిన సంగతి. ఆయన 1960ల పుట్టిండు. గుడిల బాప్తిస్మం ఇప్పిచ్చి, గుడిల పెట్టిన పేరే బళ్ళె గూడ రాయిచ్చింది అవ్వ. మతం గడిల క్రిస్టియన్ అని రాసిండ్రు. ఏడో తరగతి పాసైనంక 1973ల తాత ఆయన్ను హాస్టల్ సీటుకు తీసుకపోయిండు. అక్కడి సారు కాయితం చూసి, "ఇది ఎస్సీ పిల్లల హాస్టలు. మీరు బీసీ–సీ కిందికొస్తరు" అన్నడట.

"మాదిగోళ్ళమే సారూ, మా అయ్య చెప్పులు కుడ్తడు" అన్నడట తాత.

"మాదిగోళ్ళే. కాని కాయితంల గాదు."

తిరిగొస్తుంటే నాయినకు కండ్లు తిరిగినయట. తాత దారిల హోటల్ కాడ ఆపి చాయ్ చెప్పిండు. హోటలాయన చూరు దిక్కు చెయ్యి చూపిచ్చిండు. చూరుల చెక్కిన గ్లాసులు తీసుకొని, తాగి, కడిగి మళ్ళ అక్కడనే పెట్టాలె. ఆ హోటలాయన బీసీ–సీ జీవో చదువలేదు. మేము మతం మారినమని సర్కారుకు తెలిసింది గాని, గ్లాసుకు తెల్వలేదు.

నాయిన చదువు అక్కడికే. పదమూడేండ్ల పిలగాడు ద్రాక్ష తోటల మందు కొట్టుడుకు కుదిరిండు. ఆయన గోర్లు గూడ నీలమైనయి. అవ్వ ఆ గోర్లను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేదని అమ్మ చెప్పింది.

దీని వెనుక చట్టం ఏమున్నదో నేను డిగ్రీకి వచ్చినంకనే చదివిన. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు గానోడు ఎస్సీ గాడని దాంట్ల మూడో పేరా. 1956ల సిక్కులను చేర్చిండ్రు, 1990ల బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉన్నరు. 1970ల మన రాష్ట్రంల ఎస్సీల నుంచి క్రైస్తవంలకు పోయినోళ్ళను బీసీ–సీల పెట్టి ఒక్క శాతం ఇచ్చిండ్రు. అవ్వకు ఈ తేదీలేవీ తెల్వవు. ఆమెకు తెలిసింది ఒకటే. కొడుకు పేరు గుడి పుస్తకంల ఎక్కింది, బడి పుస్తకంల నుంచి పోయింది.

నేను 1988ల పుట్టిన. నెల దాటినంక అయ్యగారు ఇంటికొచ్చి బాప్తిస్మం దినం అడిగిండట. అవ్వ పీట ఏసి, చాయ్ ఇచ్చి, ఎదురుగ నిలవడ్డది.

"అయ్యగారూ, ఈని పేరు రాయకుండ్రి."

"ఏమమ్మా, నువ్వేనా ఈ మాటనేది?"

"నేనే. ఈడు చదువుకోవాలె."

అయ్యగారు మంచి మనిషి. చాయ్ తాగి ప్రార్థన చేసి ఏమీ అనకుండ పోయిండట. ఆ రాత్రి అవ్వ బువ్వ తినలేదు. మా అమ్మ బుజ్జగిస్తే, "దేవునికి పుస్తకం అక్కర లేదు పిల్లా, ముఖం చూసి గుర్తువడ్తడు. సర్కారుకు కాయితం లేకుంటే మనిషే కనవడడు" అన్నదట.

ఆలోచించుండ్రి. వాడల ఎవరికి పిల్ల పుట్టినా బాప్తిస్మానికి తొందరపెట్టేది ఆమెనే. వండేముందు రోజూ ఒక పిడికెడు బియ్యం గుడి కుండల వేసేది ఆమెనే. ఇంట్ల బియ్యం లేని దినం గూడ పిడికిలి అయితే పట్టేది, ఉత్త పిడికిలి. ఆ మనిషి తన మొదటి మనుమనికి తనకు ప్రాణమైనదే వద్దన్నది. నాకు అవ్వ ఇచ్చిన ఆస్తి అదే.

ఆదివారం నన్ను ఎంబడి తీసుకపోయేది. పాటలు పాడొచ్చు, బెంచీల కూసోవచ్చు. సంస్కారం కాడ మాత్రం బాప్తిస్మం లేనోళ్ళు లేవొద్దు. నా ఈడు పిల్లలు పెద్దగైతున్న కొద్ది ఒక్కొక్కరే ముందుకు పోయిండ్రు. నేను బెంచీకి అంటుకొని ఉండేటోన్ని. అవ్వ గిన్నె తాగి తిరిగొచ్చి, నా పక్కన కూసొని, పెదవులు తుడుచుకోకుండ నా నెత్తి మీద ముద్దు పెట్టేది. ప్రతిసారీ. అదెందుకో చిన్నప్పుడు నాకు సమజ్ కాలేదు.

నాకు పదేండ్లున్నప్పుడు ఎండకాలంల శామీర్‌పేటకు వాళ్ళ చెల్లెను చూడ పోయినం. తిరిగొచ్చేటప్పుడు చెరువు కట్ట దిగి, నీళ్ళ అంచుకు తీసుకపోయింది. పట్నపోళ్ళు దూరంగ ఫొటోలు దిగుతున్నరు. అంగి విప్పిచ్చి, మోకాళ్ళ లోతు నీళ్ళల్ల నిలవెట్టి, దోసిలితోని నెత్తి మీద నీళ్ళు పోసింది. మూడు దోసిళ్ళు. పెదవులు కదిలినయి గాని మాట వినవడలేదు.

"ఏం చేస్తున్నవవ్వా?"

"ఉడుకపోస్తున్నది గదా, తానం పోసిన. అంతే. నడువు."

అంతే. నేను మళ్ళ అడుగలే, ఆమె చెప్పలే. ఆ నీళ్ళు ఏ దప్తరంలో లేవు.

అవ్వకు చదువు రాదు. నేను అక్షరాలు నేర్చింది బళ్ళె, చదవడం నేర్చింది అవ్వ బైబిలు మీద. దీపం కాడ కూసోబెట్టి 23వ కీర్తన చదువుమనేది. ఆమెకు కంఠస్థమే. నేను ఒక ఒత్తు మింగితే ఎంటనే పట్టుకునేది. ఇప్పుడు మా బళ్ళె పిల్లలు నన్ను 'తెలుగు బాగ చదువుతరు సారు' అంటే, ఆ అచ్చు అక్షరాల మీద పడ్డ నీలం గోరు కనవడ్తది నాకు.

డిగ్రీ, బీఎడ్ అయినయి. మా వంశంల మొదటి డిగ్రీ. 2012 డీఎస్సీల సెలక్ట్ అయిన. కులం సర్టిఫికెట్ మీద విచారణకు ఒక సారు ఇంటికొస్తడని ముందు దినం కబురొచ్చింది. మేమెవరం ఏమీ అనకముందే అవ్వ లేచింది. గోడ మీది ఏసు ప్రభువు క్యాలెండరు తీసి చుట్టింది. బైబిలును గుడ్డల చుట్టి జొన్నల గుమ్మిల పెట్టింది. ఆ మేకు దగ్గర గోడ మీద తెల్లటి నలుచదరం మిగిలింది. దాన్ని చూసి, నాయిన అంగి దానికి తగిలిచ్చింది. ఆమె చేతులు వణకలే. నావి వణికినయి.

విచారణ సారు వచ్చి గోడలు చూసిండు, గూళ్ళు చూసిండు. బయట అరుగు మీద కూసున్న అవ్వను అడిగిండు: "ముసలమ్మా, మీరు ఏ దేవుణ్ణి మొక్కుతరు?"

"నా మనుమని పేరు ఏ గుడి పుస్తకంల లేదు సారూ. పోయి చూసుకోండ్రి. నా సంగతి అడుగకుండ్రి. నేను నౌకరికి పోత లేను."

సారు ఒకసారి ఆమె దిక్కు చూసి, సంతకం చేసి పోయిండు. అవ్వ అబద్ధం ఆడలే. అబద్ధం ఆడకుండ నన్ను దాటిచ్చింది. ఆయన పోయినంక గుమ్మిల నుంచి బైబిలు తీసి, అంటిన జొన్నగింజలను ఒక్కొక్కటే దులిపి, గుండెకు ఆనిచ్చుకొని చాలాసేపు కూసున్నది.

అవ్వ 2017 ఫిబ్రవరిల పోయింది. ఎనుకటి రోజులైతే అది ద్రాక్ష కోతలు మొదలయ్యే కాలం. అప్పటికి మా దిక్కు తోటలు కొట్టేసి వెంచర్లు చేసిండ్రు. ఔటర్ రింగు రోడ్డు పడ్డది, తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీ పెరిగింది. రంగారెడ్డి జిల్లాల పుట్టిన మేము 2016 దసరా నుంచి మేడ్చల్ జిల్లా అయినం. అవ్వ మాత్రం తన గుడి, తన గిన్నె, తన పిడికెడు బియ్యంతోని అట్లనే ఉన్నది.

ఇగ నేను చేసిన పని చెప్పాలె. ఇది రాసుడే దాని కోసం.

మా తమ్ముడు ఫ్లెక్సీ వేయిచ్చిండు. అవ్వ ఫొటో, సిలువ గుర్తు, 'ప్రభువు నందు నిద్రించిన' అని పెద్దక్షరాలు. కింద దుఃఖించేటోళ్ళ పేర్లు. మనుమల వరుసల నా పేరే మొదలు, పక్కన 'ప్రభుత్వ ఉపాధ్యాయుడు' అని. దాన్ని రోడ్డు మీద కట్టబోతుంటే నా గుండె దడదడలాడింది. బళ్ళె పనిచేసే సార్లు వస్తరు. ఒకడు సెల్లుల ఫొటో తీస్తడు. ఒక ఆకాశరామన్న ఉత్తరం చాలు. నేను తమ్మున్ని పక్కకు పిలిచి, "నా పేరు తీసేయి" అన్న.

వాడు నా ముఖం చూసిండు. ఏమీ అనలే. బ్లేడుతోని ఆ వరుస కోసి తీసిండు. అవ్వ ఫొటో కింద సన్నటి సందు పడి, దాంట్ల నుంచి ఎనుకటి గోడ కనవడ్డది.

నాకు బాప్తిస్మం లేదు. చట్టం ప్రకారం నాకు భయం లేదు. అయినా భయపడ్డ. అవ్వ నా పేరు గుడి పుస్తకంల రాయిచ్చలేదు, నా బతుకు కోసం. నేను నా పేరు అవ్వ చావు మీద నుంచి తీసేసిన, అది గూడ నా బతుకు కోసమే. రెండూ ఒకటేనా? ఆమె ఇచ్చింది. నేను గుంజుకున్న.

ఈ లెక్క మా ఒక్క ఇంటిదే గాదు. 2022ల కేంద్ర ప్రభుత్వం దీన్ని పరిశీలించుమని మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు పుదుచ్చేరి ఆమె కేసుల తీర్పు చెప్పింది. బాప్తిస్మం తీసుకొని చర్చికి పోతూ, రిజర్వేషన్ కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది. తీర్పు చదివిన రాత్రి నాకు గోడ మీది తెల్ల నలుచదరం కనవడ్డది. మోసం ఎవరు చేసిండ్రు? మనిషిని పుట్టుకతోని అంటరానోడని ముద్ర వేసి, వాడు మొక్కే చోటును బట్టి ఆ ముద్ర ఉన్నదనీ లేదనీ చెప్పేటోళ్ళు చేసిండ్రా? మా అవ్వ చేసిందా? కులం మాతోని గుడిలకు గూడ వచ్చింది. హక్కు మాత్రం వాకిట్లనే ఆగిపోయింది.

ఇప్పుడు మళ్ళ ఆ వరండా కాడికి వస్త. ఆ తల్లి నా జవాబు కోసం చూస్తున్నది. నా నోట్లె నుంచి వచ్చిన మాట ఇది: "పిల్లకు బాప్తిస్మం ఇప్పిచ్చిండ్రా?"

అని, ఆ గొంతు గుర్తుపట్టిన. అది మా ఇంటికొచ్చిన విచారణ సారు గొంతు.

"లేదు సారూ" అని ఆమె తల దించుకున్నది. "మా అత్త వద్దన్నది. పిల్ల చదువుకోవాలె అన్నది."

నేనేమీ మాట్లాడలే. ఆమె చెప్పినట్టు రెండు గళ్ళూ నింపి, పిల్లకు పలక ఇచ్చి లోపలికి పంపిన.

అవ్వ సమాధి మీద రాయి ఏడాదికి వేసినం. ఫ్లెక్సీల ఉన్న పేర్లే మేస్త్రికి రాసిచ్చిండు తమ్ముడు. మేస్త్రి చెక్కుకుంట, "కింద ఒక వరుస జాగ మిగిలింది సారూ, ఏమన్న రాయాల్నా?" అని అడిగిండు. అట్లనే ఉండనియ్యి అన్న.

ఏటా ఈస్టరుకు తెల్లారక ముందే వాడోళ్ళు కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల కాడికి వస్తరు. నేను అందరికన్న ముందు పోయి, సున్నమేసి, ఎవరూ రాకముందే వచ్చేటోన్ని. ఈ ఏడు మాత్రం ఉన్న. అందరు వచ్చేదాక, పొద్దు పొడిచేదాక ఉన్న. ఆ ఖాళీ వరుస మీద ఎండ పడంగ చూసిన.

ఈ వ్యాసం కింద పేరు వేయాల్నా వద్దా అని సంపాదకులు అడిగిండ్రు. ఇంకా చెప్పలే.